స్కాట్లాండ్ ఎన్నికలు 2026: ఒక్కరికి రెండు ఓట్లు, 129 సీట్లు.. ఏ పార్టీ బలం ఎంత? అక్కడి తెలుగువాళ్లకి ఓటు ఉందా?

మే 7, గురువారం. స్కాట్లాండ్ పార్లమెంట్‌కి పోలింగ్ జరిగే రోజు. 19 ఏళ్లుగా అధికారంలో ఉన్న ఎస్‌ఎన్‌పీ మళ్లీ గెలుస్తుందా? బ్రిటన్ నుంచి విడిపోవాలన్న డిమాండ్ మళ్లీ తెర మీదకి వస్తుందా? ఇప్పటివరకు అక్కడ ఒక్క సీటు కూడా గెలవని రిఫార్మ్ యూకే ఈసారి ఎంత దూరం వెళ్తుంది? ఇవీ అసలు ప్రశ్నలు.

ఇది మనకెందుకు అంటారా? గ్లాస్గో, ఎడిన్‌బరో, అబర్డీన్, డండీ యూనివర్సిటీల్లో మన పిల్లలు చదువుతున్నారు. అక్కడి ఆస్పత్రుల్లో, ఐటీ కంపెనీల్లో మనవాళ్లు పనిచేస్తున్నారు. స్టూడెంట్ వీసా మీద ఉన్నా సరే, వాళ్లకి ఈ ఎన్నికల్లో ఓటు ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఓటరుగా నమోదు చేసుకోవడానికి ఆఖరి తేదీ ఏప్రిల్ 20. అందుకే పూర్తి వివరాలు ఒకేచోట.

ఒక్క చూపులో

- పోలింగ్: 2026 మే 7, ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు
- మొత్తం సీట్లు: 129. మెజారిటీకి కావాల్సినవి: 65
- ఒక్కో ఓటరుకి రెండు బ్యాలెట్ పేపర్లు: ఒకటి అభ్యర్థికి, ఒకటి పార్టీకి
- ఓటు హక్కు వయసు: 16 ఏళ్లు
- ప్రస్తుత ఫస్ట్ మినిస్టర్: జాన్ స్విన్నీ (ఎస్‌ఎన్‌పీ)
- అదే రోజు వేల్స్ పార్లమెంట్‌కి కూడా ఎన్నికలు

అసలు స్కాట్లాండ్ పార్లమెంట్ అంటే ఏంటి?

బ్రిటన్ మొత్తానికి లండన్‌లో ఒక పార్లమెంట్ ఉంది. దాన్నే వెస్ట్‌మినిస్టర్ అంటారు. స్కాట్లాండ్‌కి ఎడిన్‌బరోలోని హోలీరూడ్‌లో విడిగా ఇంకో పార్లమెంట్ ఉంది. మన లెక్కలో చెప్పాలంటే రాష్ట్ర అసెంబ్లీ లాంటిదన్నమాట. సభ్యుల్ని ఎంఎస్‌పీలు అంటారు. ముఖ్యమంత్రి స్థానంలో ఉండే నాయకుడే ఫస్ట్ మినిస్టర్.

1997లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 1999లో మొదటి ఎన్నికలు జరిగాయి. ఆరోగ్యం, విద్య, పోలీసు, న్యాయం, ఇళ్లు, రవాణా, వ్యవసాయం లాంటివి ఎడిన్‌బరో చేతిలో ఉంటాయి. రక్షణ, విదేశాంగం, కరెన్సీ, వీసాలు లండన్ చేతిలోనే. అంటే మన విద్యార్థుల వీసా రూల్స్‌ని ఈ ఎన్నికలు నేరుగా మార్చలేవు. కానీ డాక్టర్ అపాయింట్‌మెంట్, బస్సు పాస్, ఇంటి అద్దె రూల్స్, ఉద్యోగుల జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్స్.. ఇవన్నీ హోలీరూడ్ నిర్ణయాలే.

ఉదాహరణకి ఇంగ్లాండ్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ రేట్లు మూడు: 20, 40, 45 శాతం. స్కాట్లాండ్‌లో జీతాల మీద ఆరు: 19, 20, 21, 42, 45, 48 శాతం. ఎక్కువ జీతం వచ్చేవాళ్లు అదే జీతానికి ఇంగ్లాండ్ కంటే ఎక్కువ కడతారు. బదులుగా అక్కడ మందులకి ప్రిస్క్రిప్షన్ ఛార్జీ లేదు. 22 ఏళ్లలోపు వాళ్లకి బస్సు ఫ్రీ. స్థానిక విద్యార్థులకి యూనివర్సిటీ ట్యూషన్ ఫీజు లేదు. మన విద్యార్థులు మాత్రం ఇంటర్నేషనల్ ఫీజు కట్టాల్సిందే.

రెండు ఓట్లు ఎందుకు?

స్కాట్లాండ్ ఎన్నికల్లో అసలు మజా ఇక్కడే ఉంది. 129 మందిలో 73 మంది నియోజకవర్గాల నుంచి వస్తారు. ఇది మన ఎమ్మెల్యే ఎన్నికే. ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్లే గెలుస్తారు. మిగతా 56 మంది పార్టీ లిస్టుల నుంచి వస్తారు. స్కాట్లాండ్‌ని 8 రీజియన్లుగా విడగొట్టారు. ఒక్కో రీజియన్‌కి 7 లిస్టు సీట్లు. రెండో ఓటు వేసేది వీటికే, మనిషి పేరు చూసి కాకుండా పార్టీ పేరు చూసి.

ఎందుకీ ఏర్పాటు? మన దగ్గర జరిగింది చూస్తే అర్థమవుతుంది. 2019లో ఏపీలో టీడీపీకి 39 శాతం ఓట్లు పడ్డాయి. సీట్లు మాత్రం 175లో 23. 2024లో అదే 39 శాతం వైసీపీకి పడింది. సీట్లు 11. ఓట్లకీ సీట్లకీ పొంతన లేకుండా పోవడం అంటే ఇదే. స్కాట్లాండ్‌లో ఈ తేడాని కొంతవరకు సరిచేయడానికే రెండో ఓటు పెట్టారు.

లెక్క ఎలా వేస్తారంటే.. రీజియన్‌లో ఒక పార్టీకి వచ్చిన రెండో ఓట్లని, ఆ పార్టీ అక్కడ అప్పటికే గెలిచిన సీట్ల సంఖ్యకి ఒకటి కలిపి భాగిస్తారు. ఎక్కువ విలువ ఎవరికి వస్తే ఆ సీటు వాళ్లది. సీటు వచ్చిన పార్టీకి భాగించే సంఖ్య ఇంకోటి పెరుగుతుంది. ఇలా ఏడుసార్లు చేస్తారు. నియోజకవర్గాల్లో ఎక్కువ గెలిచిన పార్టీకి లిస్టులో తక్కువ దక్కుతుంది. ఓట్లు ఉండి కూడా నియోజకవర్గాల్లో ఓడిన పార్టీకి లిస్టు ఊపిరి పోస్తుంది.

గ్లాస్గో లెక్క: వెయ్యి ఓట్లతో చేజారిన సీటు

2021 గ్లాస్గో ఫలితం చూస్తే మొత్తం అర్థమైపోతుంది. అప్పట్లో ఆ రీజియన్‌లో 9 నియోజకవర్గాలు ఉండేవి. తొమ్మిదీ ఎస్‌ఎన్‌పీయే గెలిచింది. రెండో ఓట్లు సుమారుగా ఇలా వచ్చాయి:

- ఎస్‌ఎన్‌పీ: 1 లక్ష 34 వేలు
- లేబర్: 74 వేలు
- కన్జర్వేటివ్: 37 వేలు
- గ్రీన్స్: 36 వేలు

ఎస్‌ఎన్‌పీ అప్పటికే 9 గెలిచింది కాబట్టి దాని ఓట్లని 10తో భాగించారు. విలువ 13,400కి పడిపోయింది. లేబర్ నియోజకవర్గాల్లో ఏమీ గెలవలేదు కాబట్టి పూర్తి 74 వేలతో మొదలుపెట్టింది. ఏడు రౌండ్లు పూర్తయ్యాక లేబర్‌కి 4, కన్జర్వేటివ్‌లకి 2, గ్రీన్స్‌కి 1 వచ్చాయి. అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న ఎస్‌ఎన్‌పీకి లిస్టులో సున్నా!

ఆఖరి సీటు దగ్గర పోటీ చూడండి. కన్జర్వేటివ్‌ల 37 వేలని 2తో భాగిస్తే 18,500. గ్రీన్స్ 36 వేలని 2తో భాగిస్తే 18,000. సీటు కన్జర్వేటివ్‌లకి వెళ్లింది. లిస్టులో రెండో పేరుగా ఉన్న భారత సంతతి డాక్టర్ సందేశ్ గుల్హానే అలా పార్లమెంట్‌లో అడుగుపెట్టారు. గ్రీన్స్‌కి ఇంకో వెయ్యి ఓట్లు పడి ఉంటే ఆ సీటు వాళ్లదే అయ్యేది. అంత పెద్ద సిటీలో తేడా వెయ్యి ఓట్లు! ఒక యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండేవాళ్లంత మంది.

ఈసారి నియోజకవర్గాల సరిహద్దులు మారాయి. కొన్ని రీజియన్ల పేర్లు కూడా మారాయి. పాత లెక్కలు యథాతథంగా పనిచేయవు. పద్ధతి మాత్రం అదే.

ఇప్పటివరకు ఏం జరిగింది?

- 1999: లేబర్ 56, ఎస్‌ఎన్‌పీ 35
- 2003: లేబర్ 50, ఎస్‌ఎన్‌పీ 27
- 2007: ఎస్‌ఎన్‌పీ 47, లేబర్ 46
- 2011: ఎస్‌ఎన్‌పీ 69, లేబర్ 37
- 2016: ఎస్‌ఎన్‌పీ 63, కన్జర్వేటివ్ 31, లేబర్ 24
- 2021: ఎస్‌ఎన్‌పీ 64, కన్జర్వేటివ్ 31, లేబర్ 22, గ్రీన్స్ 8, లిబరల్ డెమొక్రాట్లు 4

మొదటి ఎనిమిదేళ్లు లేబర్, లిబరల్ డెమొక్రాట్ల సంకీర్ణం పాలించింది. 2007లో ఒకే ఒక్క సీటు తేడాతో ఎస్‌ఎన్‌పీ పెద్ద పార్టీ అయింది. అప్పటి నుంచి దిగలేదు. ఇన్నేళ్లలో ఒక పార్టీ సొంతంగా మెజారిటీ దాటింది ఒక్కసారే, 2011లో. 2021లో ఒక్క సీటు దగ్గర ఆగిపోయింది. ఎవరూ సొంతంగా గెలవకుండా ఉండేలా ఈ పద్ధతి పెట్టారని అక్కడ తరచూ అనే మాట.

పార్టీల వారీగా పరిస్థితి

ఎస్‌ఎన్‌పీ (స్కాటిష్ నేషనల్ పార్టీ). స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలన్నదే దీని మూల సిద్ధాంతం. 1934లో పుట్టింది. గత ఐదేళ్లలో ముగ్గురు ఫస్ట్ మినిస్టర్లని చూసింది. నికోలా స్టర్జన్ 2023 ఫిబ్రవరిలో రాజీనామా ప్రకటించారు. ఆ తర్వాత వచ్చిన హమ్జా యూసఫ్ 2024 ఏప్రిల్‌లో గ్రీన్స్‌తో పొత్తు తెంచుకున్నారు. ఆ నిర్ణయమే ఆయన కుర్చీకి ఎసరు పెట్టింది. 2024 మేలో జాన్ స్విన్నీ వచ్చారు. రెండు నెలలకే బ్రిటన్ ఎన్నికల్లో దెబ్బ పడింది: 2019లో 48 ఎంపీ సీట్లు గెలిచిన పార్టీ 9కి పడిపోయింది. తర్వాత మెల్లగా కోలుకుంది. సర్వేల్లో ఇప్పుడు అదే ముందుంది. అయితే స్టర్జన్, యూసఫ్, డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ కేట్ ఫోర్బ్స్ ఈసారి పోటీ చేయడం లేదు. ఆస్పత్రుల్లో వెయిటింగ్ లిస్టులు, డ్రగ్స్ మరణాలు, ఏళ్ల తరబడి ఆలస్యమైన ఫెర్రీలు.. ఇవీ ప్రతిపక్షం చేతిలో ఆయుధాలు. 2018లో రావాల్సిన గ్లెన్ సానాక్స్ ఫెర్రీ 2025 జనవరిలో ప్రయాణికులతో బయలుదేరింది. దీవుల జనానికి ఇది చిన్న విషయం కాదు.

లేబర్. నాయకుడు అనస్ సర్వార్. 2024లో స్కాట్లాండ్‌లోని 57 ఎంపీ సీట్లలో 37 గెలిచినప్పుడు ఇక తర్వాతి ఫస్ట్ మినిస్టర్ ఆయనే అన్నారు. లండన్‌లో కీర్ స్టార్మర్ ప్రభుత్వం వచ్చాక సీన్ మారింది. వృద్ధులకి చలికాలంలో ఇచ్చే ఇంధన సాయంలో కోత పెట్టడం బాగా దెబ్బకొట్టింది. తర్వాత చాలావరకు వెనక్కి తగ్గినా, నష్టం అప్పటికే జరిగిపోయింది. అయినా 2025 జూన్‌లో హామిల్టన్ ఉప ఎన్నికలో ఎస్‌ఎన్‌పీ సీటుని లేబర్ లాక్కుంది. అందుకే ఈ పార్టీని తేలిగ్గా తీసేయలేం. 19 ఏళ్లు ఒకే పార్టీ పాలన చాలు, మార్పు కావాలన్నది దీని నినాదం.

రిఫార్మ్ యూకే. నైజెల్ ఫరాజ్ పార్టీ. వలసల మీద కఠిన వైఖరి దీని గుర్తింపు. 2024లో స్కాట్లాండ్‌లో 7 శాతం ఓట్లే వచ్చాయి, సీటు రాలేదు. ఏడాది తిరక్కుండానే హామిల్టన్‌లో 26 శాతం తెచ్చుకుంది. అక్కడ లేబర్‌కి 8,559, ఎస్‌ఎన్‌పీకి 7,957, రిఫార్మ్‌కి 7,088 ఓట్లు. ముక్కోణపు పోటీ అంటే అదీ. 2025 ఆగస్టులో కన్జర్వేటివ్ ఎంఎస్‌పీ గ్రాహం సింప్సన్ ఇందులో చేరారు. ఈ ఏడాది జనవరిలో మాల్కం ఆఫర్డ్‌ని స్కాట్లాండ్ నాయకుడిగా ప్రకటించారు. నియోజకవర్గాల్లో గెలవకపోయినా పర్వాలేదు, ప్రతి రీజియన్‌లో లిస్టు ఓట్లు వస్తే చాలు, సీట్లు వరుసగా పడతాయి. రెండో ఓటు వల్ల ఈసారి ఎక్కువ లాభపడే అవకాశం ఉన్న పార్టీ ఇదే. సర్వేల్లో రెండో స్థానం కోసం లేబర్‌తో పోటీ పడుతోంది.

కన్జర్వేటివ్‌లు. 2021లో గెలిచిన 31లో 26 లిస్టు సీట్లే. అంటే వీళ్ల బలమంతా రెండో ఓటులోనే ఉంది. ఇప్పుడు రిఫార్మ్ అదే ఓటుకి గాలం వేస్తోంది. నాయకుడు రస్సెల్ ఫిండ్లే, మాజీ క్రైమ్ రిపోర్టర్. ప్రధాన ప్రతిపక్ష హోదా నిలబెట్టుకోవడమే ఆయనకి పెద్ద పరీక్ష.

గ్రీన్స్. ఇద్దరు కో-లీడర్లు: రాస్ గ్రీర్, జిలియన్ మెకే. 2025 ఆగస్టులో బాధ్యతలు తీసుకున్నారు. స్వతంత్ర స్కాట్లాండ్‌కి మద్దతు ఇచ్చే పార్టీయే. 2021లో గెలిచిన 8 సీట్లూ లిస్టువే. మొదటి ఓటు ఎస్‌ఎన్‌పీకి వేసి, రెండోది వీళ్లకి వేసే ఓటర్లు చాలామంది ఉన్నారు. స్విన్నీ మాత్రం రెండూ మాకే వేయండి అంటున్నారు.

లిబరల్ డెమొక్రాట్లు. నాయకుడు అలెక్స్ కోల్-హామిల్టన్. 2021లో 4 సీట్లే. హోలీరూడ్‌లో గ్రూపు హోదాకి 5 కావాలి. ఒక్క సీటు తక్కువై ఆ హోదా కోల్పోయారు. 2025 ఏప్రిల్‌లో కన్జర్వేటివ్ సభ్యుడు జేమీ గ్రీన్ వచ్చి చేరడంతో 5 అయ్యాయి. ఎవరికీ మెజారిటీ రాకపోతే ఇలాంటి చిన్న పార్టీలే కీలకం.

65 అంకె చుట్టూ ఇంత గోల ఎందుకు?

2014 సెప్టెంబర్ 18న స్కాట్లాండ్ విడిపోవాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. వద్దు అని 55 శాతం, కావాలని 45 శాతం. అక్కడితో ముగిసిపోతుందనుకున్నారు. 2016లో బ్రెగ్జిట్ వచ్చింది. బ్రిటన్ మొత్తం మీద ఈయూ నుంచి బయటికి రావాలన్న వాళ్లు గెలిచారు. స్కాట్లాండ్‌లో మాత్రం 62 శాతం ఉండాలనే అన్నారు. మా మాటకి విలువ లేదా అన్న ప్రశ్న మళ్లీ మొదలైంది.

ఎడిన్‌బరో పార్లమెంట్ సొంతంగా ఇంకో రెఫరెండం పెట్టుకోవచ్చా? కుదరదు, లండన్ ఒప్పుకోవాల్సిందే అని 2022 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పేసింది. మరి లండన్‌ని ఒప్పించడం ఎలా? స్విన్నీ చూపిస్తున్న దారి 2011. అప్పుడు ఎస్‌ఎన్‌పీకి సొంత మెజారిటీ వచ్చింది కాబట్టే ప్రధాని డేవిడ్ కామెరాన్ రెఫరెండానికి ఒప్పుకున్నారు. ఇప్పుడూ 65 ఇవ్వండి, అడుగుతాం అంటున్నారు. ఒప్పుకునేది లేదని లండన్ ప్రభుత్వం అంటోంది. 2021లో ఎస్‌ఎన్‌పీ, గ్రీన్స్ కలిపి 72 సీట్లు తెచ్చుకున్నా లండన్ కదల్లేదన్నది గుర్తుంచుకోవాలి. కాబట్టి 65 వచ్చినా రెఫరెండం రేపే జరిగిపోదు. రాకపోతే మాత్రం ఆ వాదనే బలహీనపడుతుంది.

ఇక్కడే గ్లాస్గో లెక్క మళ్లీ పనికొస్తుంది. నియోజకవర్గాల్లో ఎస్‌ఎన్‌పీ ఎంత ఊడ్చేస్తే లిస్టులో అంత తక్కువ వస్తుంది. 2021లో 73లో 62 గెలిచినా లిస్టులో దక్కింది రెండే. అందుకే సర్వేల్లో ముందున్నా 65 చేరడం అంత తేలిక కాదు.

అక్కడున్న తెలుగువాళ్లకి: ప్రశ్నలు, జవాబులు

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే ఓటు ఉంటుందా?
ఉంటుంది. భారత్ కామన్వెల్త్ దేశం. చెల్లుబాటయ్యే వీసా ఉండి, స్కాట్లాండ్‌లో నివాసం ఉంటే చాలు. స్టూడెంట్, వర్క్, డిపెండెంట్ ఏ వీసా అయినా పర్వాలేదు.

లండన్‌లోనో, మాంచెస్టర్‌లోనో ఉంటే?
ఈ ఎన్నికల్లో ఓటు ఉండదు. స్కాట్లాండ్ అడ్రస్ మీద నమోదైన వాళ్లకే.

ఎప్పటిలోగా నమోదు చేసుకోవాలి?
ఏప్రిల్ 20 అర్ధరాత్రిలోగా. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. కొన్ని నిమిషాల పని. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఉంటే దగ్గర పెట్టుకోండి. రూమ్ మారి ఉంటే కొత్త అడ్రస్‌తో మళ్లీ నమోదు చేసుకోవాలి.

పోలింగ్ బూత్‌కి ఐడీ తీసుకెళ్లాలా?
ఈ ఎన్నికలకి ఫొటో ఐడీ అక్కర్లేదు. ఇంగ్లాండ్ రూల్ వేరు, ఇది వేరు. పోలింగ్ కార్డు మర్చిపోయినా ఓటు వేయొచ్చు. పేరు, అడ్రస్ చెబితే చాలు.

బ్యాలెట్ మీద ఏం చేయాలి?
ఈవీఎంలు ఉండవు. రెండు పేపర్లు ఇస్తారు. ఒక్కోదాని మీద ఒక్క ఇంటూ గుర్తు మాత్రమే పెట్టాలి. రెండు ఓట్లూ ఒకే పార్టీకి వేయొచ్చు, వేర్వేరు పార్టీలకీ వేయొచ్చు.

అక్కడ ఓటు వేస్తే భారత పౌరసత్వానికి ఇబ్బందా?
లేదు. వేరే దేశ పౌరసత్వం తీసుకుంటేనే మన పౌరసత్వం పోతుంది. ఓటు వేసినందుకు పోదు.

తర్వాత ఏం జరుగుతుంది?

కౌంటింగ్ మరుసటి రోజు, శుక్రవారం మొదలవుతుంది. ముందు నియోజకవర్గాల ఫలితాలు, అవి తేలాకే లిస్టు సీట్లు. లిస్టు లెక్క నియోజకవర్గాల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి తొలి గంటల్లో కనిపించే ఆధిక్యం చూసి ఎవరు ఎంత గెలిచారో చెప్పేయలేం. సాయంత్రానికి బొమ్మ మారిపోవచ్చు. పోలింగ్ జరిగిన 28 రోజుల్లోగా కొత్త సభ తన ఫస్ట్ మినిస్టర్‌ని ఎన్నుకోవాలి. రాజు చార్లెస్ నియమిస్తారు. మెజారిటీ లేకపోయినా మైనారిటీ ప్రభుత్వం నడపడం అక్కడ మామూలే.

మీ పిల్లలో, తమ్ముడో, ఫ్రెండో స్కాట్లాండ్‌లో ఉంటే ఈరోజే ఒక మెసేజ్ పెట్టండి: ఏప్రిల్ 20లోపు పేరు నమోదు చేసుకోమని. ఎవరికి వేయాలన్నది వాళ్ల ఇష్టం. కానీ వీసా ఉన్నా, ట్యాక్స్ కడుతున్నా, ఓటు ఉందని తెలియకపోవడం వల్ల పోకూడదు.